సున్నా పెట్టని దసరా

ఎంగిలిపూల బతుకమ్మ

గడియారాల గది లాగ్‌బుక్కులో సర్క్యూట్ల సంగతి తప్ప మరేమీ రాయకూడదని గోడకు ఒక అట్ట వేలాడుతోంది. ఆ అట్ట రాయించిన రాజలింగు సారు ఈ లాగ్‌బుక్కును తెరిచి చూడగా నేను ఒక్కసారీ చూడలేదు. కాబట్టి నాకు తోచినట్టే రాస్తాను. నా పేరు మొగిలమ్మ. కాలాన్ని కొలిచే సర్క్యూట్లు నా పని. కోపం నా గుణం.

సర్క్యూట్ సంగతే మొదట. కొత్తది ఈ రోజు పని చేసింది.

మేముండే రాతి సొరంగాన్ని గోడలతో, గుమ్మాలతో అంకణాలుగా విడగొట్టారు; వాటిలో నాలుగో అంకణం మైదానం నడుమ మా కొలత స్తంభం ఉంది. దాని మీంచి వెలుగు పల్స్ ఒకటి పైకి వెళ్తుంది, రాతికప్పుకు బిగించిన అద్దానికి తగిలి తిరిగొస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలం తెలిస్తే కప్పు ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. పాత సర్క్యూట్ గడియారం టిక్కులను మాత్రమే లెక్కపెట్టేది. వెలుగు రెండు టిక్కుల నడుమ తిరిగొస్తే ఆ ముక్కను గాలికి వదిలేసేది. ఆ ముక్క విలువ జానెడు. అంటే కప్పు జానెడు దిగినా దానికి తెలియదు. దున్నపోతు మీద వాన పడ్డట్టే.

ఇప్పుడు రెండు టిక్కుల నడుమ చిన్న గేట్లను గొలుసులా పేర్చాను. పల్స్ ఒక్కో గేటు దాటుతూ పోతుంది. టిక్కు పడిన క్షణానికి ఎన్ని దాటిందో చూస్తే మిగిలిన ముక్క దొరుకుతుంది. చెప్పడానికి తేలికే. గేట్లన్నీ ఒక్క తీరుగా ఉండవు, ఒకటి చురుకు, ఒకటి మొద్దు, మనుషుల్లాగే. ఏది ఎంత మొద్దో తెలియక ఏడాదిగా తల పట్టుకున్నాను. వానకు చూరు కింద కుండలు పెడితే మూతి వెడల్పున్న కుండే ముందు నిండుతుందని మా నాయనమ్మ చెప్పేది. ఆమె భూమి మీద పుట్టింది, వాన చూసింది. నేను చూడలేదు. అయినా వేళాపాళా లేని పల్సులను లక్షల కొద్దీ ఆ గొలుసులోకి వదిలాను. ఏ గేటు దగ్గర ఎక్కువ పడ్డాయో అది అంత మొద్దు. ఇప్పుడు ప్రతి గేటు గుట్టూ నా దగ్గరుంది. ఈ సర్క్యూట్ మిల్లీమీటరు తేడాను పట్టేస్తుంది.

ముద్దపప్పు బతుకమ్మ

మరో పని కూడా అయింది. మైదానం అంచున గట్టి రాతిలో ఇంకో అద్దం పాతాను. దాని దూరం మారదు. ప్రతిసారి ముందు దాన్ని కొలిచి, తర్వాత కప్పును కొలిచి, తేడా తీస్తాను. యంత్రం వేడెక్కినా చల్లబడినా, ఆపి మళ్లీ వేసినా, తీగల్లో వచ్చే ఆలస్యం రెండింటికీ ఒకటే కనుక కొట్టుకుపోతుంది. ఇక సున్నా పెట్టే పని లేదు.

ఈ సున్నా గోల ఏమిటో కొత్తవాళ్ల కోసం రాస్తాను. మా తాతలు భూమి మీద బొగ్గుబాయిల్లో పనిచేసినవాళ్లు. దసరా నాడు పనిముట్టు పట్టరు. దాన్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఒక పూట విశ్రాంతి ఇస్తారు. చందమామ లోపలి ఈ రాతి సొరంగానికి వచ్చాక కూడా ఆ ఆచారం వదల్లేదు. మంచిదే. కొలత యంత్రం కూడా పనిముట్టే కనుక దసరా నాడు దాన్ని ఆపుతారు, పూజ చేస్తారు, సైరన్ మోగించి మళ్లీ వేస్తారు. పాత యంత్రం ఆపి వేస్తే కొలత కొంచెం అటూ ఇటూ జరిగేది. అందుకని వేసిన నిమిషాన కప్పు ఎక్కడుంటే అదే సున్నా అని పెట్టేవాళ్లు. బోర్డు మీద పచ్చ సున్నా వెలిగితే జనం చేతులెత్తి మొక్కుతారు. ఏడాది శుభం.

ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. కప్పు ఏటా జానెడు కన్నా తక్కువ దిగుతూ ఉంటే? ఆ ఏడాది టిక్కుకు అందదు. మరుసటి దసరాకు సున్నా పెట్టి తుడిచేస్తాం. మళ్లీ దిగుతుంది. మళ్లీ మొక్కి మళ్లీ తుడుస్తాం.

నాలుగో అంకణం గుమ్మం మీద పసుపు రంగుతో రాసి ఉంటుంది: తొంభై రెండు మీటర్ల నలభై. మొదట వచ్చినవాళ్లు స్టీలు టేపుకు బరువు కట్టి వేలాడదీసి కొలిచిన ఎత్తు అది. బడిలో పిల్లలకు అదే మొదటి పాఠం. పెళ్లిలో దీవెన కూడా అదే, తొంభై రెండు నలభై కప్పు కింద చల్లగా ఉండమని.

ఈ రోజు నా సర్క్యూట్ చూపించింది తొంభై రెండు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు. ముప్పై ఆరు సెంటీమీటర్లు లేవు.

అట్ల బతుకమ్మ

నా తప్పేమో అని రెండు రోజులు వెతికాను. గేట్లన్నీ మళ్లీ లెక్కవేశాను. అద్దాలు తుడిచాను. మూడో అంకణం కప్పును కొలిస్తే గుమ్మం మీది అంకెకు వెంట్రుకవాసి తేడా లేదు. తప్పు సర్క్యూట్‌లో లేదు. పైగా ఎంగిలిపూల నాటి నుంచి ఇప్పటికి కప్పు మరో మూడు మిల్లీమీటర్లు దిగింది.

ఎందుకు దిగుతోందో ఎవరినీ అడగనక్కర్లేదు. నాలుగో అంకణం గోడలను తొలిచి కొత్త గదులు చేసింది రాజలింగు సారే. కప్పును మోసే గోడలను తొలిస్తే కప్పు ఏం చేస్తుంది, పాట పాడుతుందా?

మా చెల్లెలు సులోచన కాపురం ఆ అంకణంలోనే. సాయంత్రం వాళ్లింటికి పోయి చెప్పాను. మరిది పోశం ఉత్సవ కమిటీ పెద్ద. పీట మీద కూర్చుని అట్లు తింటున్నాడు.

"వదినే, పండుగ పూట గిసొంటి మాటలేంది? మా అయ్య ఈ కప్పు కిందనే పుట్టిండు, ఈ కప్పు కిందనే పోయిండు. గిన్నేండ్లు పడనిది నువ్వు డబ్బా కొత్తగ చేస్తె పడ్తదా?"

"డబ్బా చేసినందుకు పడ్తలేదు పోశం, పడేది డబ్బాకు కనబడ్డది."

లోపలి నుంచి పోశం తల్లి నర్సవ్వ అందుకుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే మొగిలీ? కప్పు కింద ఉండేటోళ్లం మేము. మాకు లేని బుగులు నీకెందుకు?"

నేను ఊరుకుంటానా? నర్సవ్వ కూడా ఊరుకునే రకం కాదు. మా ఇద్దరికీ గొంతు లేస్తే నాలుగో అంకణంలో పొయ్యి మీద పప్పు మాడినా సరే, అందరూ బయటికొచ్చి చూస్తారు. ఇక్కడ సినిమాలు తక్కువ, మేమే సినిమా. చివరి వరసలో ఉండే రాయేశం ఒక్కడే, తగువు వినబడగానే భార్య లింగక్కను లోపలికి పిలిచి తలుపు వేసుకుంటాడు. మెత్తని మనిషి. తగువంతా అయ్యాక వచ్చి, నాకు రెండు అట్లు చుట్టి ఇచ్చి వెళ్లాడు. "తిని పడుకో మొగిలక్కా, కోపంల ఆకలి తెల్వది" అన్నాడు.

అలిగిన బతుకమ్మ

ఈ రోజు బతుకమ్మ అలుగుతుంది, ఎవరూ ఆడరు. నేను కూడా అలిగే ఉన్నాను, కానీ అలిగి ఇంట్లో కూర్చునే రకం కాదు. రాజలింగు సారు ఆఫీసుకు పోయాను. కప్పుల భద్రత మొత్తానికి ఆయనే పెద్ద.

నేను చెప్పిందంతా విని, టేబుల్ మీది పేపర్‌వెయిట్‌ను ఇటు నుంచి అటు జరిపాడు.

"మొదటోళ్లు కొలిచిన టేపు సాగి ఉంటది మొగిలమ్మా."

"సారూ, టేపు సాగితే కొలత తక్కువ చూపిస్తది గని ఎక్కువ చూపియ్యది. సాగిందే నిజమైతే ఇప్పుడు ఇంకెక్కువ దిగినట్టు."

ఆయన పేపర్‌వెయిట్‌ను మళ్లీ మొదటి చోటికి జరిపాడు. అర్థం కాక కాదు. అర్థమయింది, అదే నా ఒళ్లు మండించింది.

"నీ సర్క్యూట్ కొత్తది. ఒక ఏడాది నడవనియ్యి. దసరాకు ఆపి, పూజ చేసి, సున్నా పెట్టు. వచ్చే దసరాకు ఎంత చూపిస్తదో అప్పుడు సూద్దాం."

"వచ్చే దసరాకు సూసెటోళ్లు ఉండాలె గద సారూ."

"నాలుగో అంకణంల ఎన్ని ఇండ్లున్నయో తెల్సా నీకు? అందరినీ యాడ వెట్టాలె? జనం బుగులుపడి గుమ్మాల కాడ తొక్కుకుంటె ఆ పాపం ఎవలిది?"

"కప్పు పడితె ఎవలిది?"

"పడదు" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇంకా కాసేపు ఊదాను. చివరికి పేపర్‌వెయిట్ తీసి నేలకు కొట్టాను. ఇక్కడ ఏదీ తొందరగా పడదు, భూమి మీదిలా కాదు. అది మెల్లగా పోయి, మెల్లగా ఎగిరి, మళ్లీ మెల్లగా పడింది. కోపం తీరే సౌకర్యం కూడా లేని లోకం ఇది.

వెన్నముద్దల బతుకమ్మ

కప్పు ఇప్పుడు రోజుకు రెండు మిల్లీమీటర్లు దిగుతోంది. మొదట్లో అంత లేదు. వేగం పెరుగుతోంది.

నన్ను నమ్మింది సులోచన ఒక్కతే. లెక్కలు చూసి కాదు. "అక్కా, నీది దొంగ కోపం ఎట్లుంటదో నాకు ఎరుకే, అసలు కోపం ఎట్లుంటదో ఎరుకే. గిది అసలుది" అంది. అక్కాచెల్లెళ్ల మధ్య ఆ మాత్రం సర్క్యూట్ ఉంటుంది.

రేపు సద్దుల బతుకమ్మ. అన్ని అంకణాల ఆడవాళ్లూ నాలుగో అంకణం మైదానంలోనే ఆడతారు, అదే పెద్దది. సరిగ్గా ఆ కప్పు కింద. మైదానం మార్చమని కమిటీని అడిగితే పోశం ఒప్పుకోలేదు. అప్పుడు సులోచన ఇంటింటికీ పోయి ఒకే మాట చెప్పింది. "బతుకమ్మ అలక ఇంక తీరలే. ఈ మైదానానికి రానంటున్నది. రెండో అంకణంల ఆడుదాం." మిల్లీమీటర్లు వినని చెవులు ఆ మాట విన్నాయి. అలిగిన ఆడదాన్ని బలవంతంగా తీసుకుపోకూడదని అందరికీ తెలుసు.

సద్దుల బతుకమ్మ

రెండో అంకణం ఇరుకు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ ఆడారు. తోటలో పెంచిన తంగేడు, గునుగు పూలు చప్పట్ల ఊపుకు పైకి లేచి, చాలాసేపు గాలిలోనే ఉండి దిగాయి. నేను కూడా ఆడాను. ఇరవై రోజులకు సరిపడా నవ్వాను.

తిరిగొచ్చేటప్పుడు పోశం గుమ్మం దగ్గర ఎదురుపడ్డాడు. "ఆడోళ్ల పండుగ ఆగం జేసినవ్. రేపు దసరా మాది. యంత్రం ఆపి పూజ చెయ్యకపోతె నేను ఊకోను వదినే" అన్నాడు. గుమ్మం మీది అంకెకు కొత్త పసుపు రంగు వేయించాడు. తొంభై రెండు నలభై. తళతళలాడుతోంది అబద్ధం.

దసరా

రాయబుద్ధి కావడం లేదు. అయినా అంతా వరసగా రాస్తాను.

పొద్దున రాజలింగు సారు తెల్లచొక్కా వేసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని గడియారాల గదికి వచ్చాడు. గది నాలుగో అంకణం గుమ్మానికి బయట ఉంటుంది, కిటికీలోంచి మైదానం మొత్తం కనిపిస్తుంది. పోశం మైదానంలో కొలత స్తంభం దగ్గర జమ్మి కొమ్మ నిలబెడుతున్నాడు. ఇళ్లలో వంటల వాసన.

"ఆపు మొగిలమ్మా. ముహూర్తం అయితున్నది."

నేను స్విచ్ ముందు నిలబడ్డాను. "ఆపను."

"ఆచారం తెల్వదా నీకు?"

"ఆచారం పనిముట్టుకు దండం పెట్టమన్నది. కండ్లు పొడవమన్లే."

ఆయన ఏదో అనబోయాడు. నేను వినలేదు, ఎందుకంటే బోర్డు మీద అంకె కదిలింది. పొద్దున్నుంచీ మిల్లీమీటర్లలో దిగుతున్నది ఒక్కసారిగా సెంటీమీటరు దిగింది. చూస్తూ ఉండగానే ఇంకొకటి. యంత్రాన్ని ఆపి ఉంటే ఆ సమయానికి అది గుడ్డిది.

సైరన్ నొక్కాను.

రాజలింగు సారు ముఖం విప్పారింది. "ఇప్పటికి బుద్ధి వచ్చింది" అన్నాడు.

కిటికీలోంచి చూశాను. నాలుగో అంకణంలో ఒక్కరు కూడా పరుగెత్తలేదు. వాకిళ్లలోకి వచ్చి, సైరన్ వైపు తిరిగి చేతులు జోడించారు. పిల్లలతో జోడింపించారు. పోశం కొబ్బరికాయ పైకెత్తాడు. చివరి వరసలో రాయేశం, లింగక్క గడప మీద నిలబడి కళ్లు మూసుకుని మొక్కుతున్నారు. ఏటా ఇదే సైరన్. ఏటా దసరా నాడు శుభమని మోగించి, ప్రమాదపు చప్పుడును పండుగ చప్పుడు చేసింది మనమే. మొక్కి ఎవరికి వాళ్లు లోపలికి పోతున్నారు, పులిహోర కలుపుకోవడానికి.

నేను గుమ్మం దాటి మైదానంలోకి ఉరికాను. "కప్పు పడ్తున్నది" అని అరిచాను. పోశం చెయ్యి అడ్డం పెట్టి "మల్లా మొదలువెట్టినవా?" అన్నాడు. అయిదారు రోజులుగా అదే మాట చెప్పి చెప్పి అరగదీశాను, దానికి విలువ లేదు. మైదానం నడుమ నిలబడి ఊపిరి పీల్చుకుని, నాకు తెలిసిన ఒకే ఒక పని చేశాను.

"ఏ నర్సవ్వా! సద్దుల పూట మా చెల్లె వెండిగిన్నె మింగిన దొంగ ముసల్దానా, బయటికి రా! పోశంగా, దొంగ దాని కడుపుల పుట్టినోడా! ఈ అంకణపోళ్లంత దొంగలే! మీ మొకాలకు దసరా ఒకటా!"

పండుగ పూట, జమ్మి కొమ్మ ముందు, ఆ మాటలు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరికన్నా ముందు నర్సవ్వ గరిటె పట్టుకుని వచ్చింది, అంత వేగం ఆమె మోకాళ్లలో ఉందని నాకు తెలియదు. పోశం పళ్లెం పడేసి నా మీదికి వచ్చాడు. నేను వెనక్కి, గుమ్మం వైపు, తిట్టుకుంటూ పరుగు. తిట్టని ఇల్లు లేదు, తిట్టని తాత లేడు. జనం వెంటపడ్డారు. సగం మంది కొట్టడానికి, సగం మంది చూడటానికి.

సులోచన తన గడపలో నిలబడి నా ముఖం చూసింది. దొంగ కోపం ఏదో అసలుది ఏదో దానికి ఎరుకే. చంటిదాన్ని చంకనేసుకుని పక్కింటివాళ్లను ముందుకు తోస్తూ అరిచింది. "మా గిన్నె దొరికేదాంక ఇడువద్దు! అందరు రాండ్రి, పట్టుకోండ్రి మా అక్కను!"

గుమ్మం ఇవతల నన్ను పట్టుకున్నారు. గరిటె నుదుటికి తగిలింది. రెండో దెబ్బకు ఎత్తిన నర్సవ్వ చెయ్యి అక్కడే ఆగింది. వెనుక నుంచి కొండ నిట్టూర్చినట్టు ఒక చప్పుడు.

ఇక్కడ ఏదీ తొందరగా పడదు. కప్పులోంచి విడిన రాయి, మైదానమంత రాయి, మెల్లగా దిగింది. అందరం చూశాం. పోశం జమ్మి కొమ్మను చూశాం. ఇళ్ల వరసలను చూశాం. చివరి వరసలో ఒక్క తలుపు మాత్రమే మూసి ఉంది. తగువు వినబడగానే రాయేశం భార్యను లోపలికి పిలిచి తలుపు వేసుకున్నాడు, ఎప్పటిలాగే. పేరు పెట్టి అరిచాను. నా అరుపులు ఎప్పుడూ తగువులే అనుకునే మనిషి.

గాలి బయటికి పోకుండా గుమ్మం తలుపు దానంతట అది దిగింది.

దసరా మరునాడు

నుదుటికి ఆరు కుట్లు పడ్డాయి. నర్సవ్వ రాత్రంతా నా మంచం పక్కనే కూర్చుంది. "గిన్నె నేను తియ్యలే" అని ఒక్కసారి అంది. తెలుసన్నాను.

నా కోపం ఒక అంకణాన్ని బయటికి లాగింది, ఇద్దరిని లోపలికి నెట్టింది. ఈ రెండింటిలో ఒకదాన్నే లెక్కలోకి తీసుకోమని సులోచన అంటోంది. లెక్క అలా కుదరదు.

కొలత స్తంభం రాయి కింద నలిగే ముందు పంపిన చివరి కొలత బోర్డు మీద ఎర్ర అంకెగా నిలిచిపోయింది. ఈ రోజు రాజలింగు సారు గదికి వచ్చాడు. తెల్లచొక్కా మార్చలేదు, దుమ్ము కొట్టుకుని ఉంది. గొంతు తగ్గించి, ఎంతో మంచిగా మాట్లాడాడు.

"రాయి పడ్డంక కప్పు తొంభై అయిదు మీటర్లకు పోయి ఉంటది మొగిలమ్మా. మొదటిదానికన్న ఎక్కువే. ఆ ఎర్ర అంకె తీసెయ్యి, సున్నా పెట్టు. జనానికి జర ధైర్నం ఉంటది."

నేను పేపర్‌వెయిట్ కోసం చూశాను. నా గదిలో పేపర్‌వెయిట్ లేదు. ఆయనను చొక్కా పట్టుకుని బయటికి నెట్టి తలుపు వేశాను. మధ్యాహ్నానికి అదే మాట కాగితం మీద, ముద్ర వేసి వచ్చింది.

సాయంత్రం పోశం, సులోచన కుంకుమ భరిణెతో వచ్చారు. యంత్రం నడుస్తూ ఉండగానే, ఆపమని అడగకుండానే, పోశం దానికి బొట్టు పెట్టాడు. సైరన్ వైపు చూడలేదు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, "వదినే, పై నుంచి కాయిదం వచ్చిందట గద, ఏం జేస్తవ్?" అని అడిగాడు. జవాబు లాగ్‌బుక్కులో రాస్తానని చెప్పాను. ఇదే జవాబు.

బోర్డు మీద ఎర్ర అంకె అలాగే ఉంది. నేను సున్నా పెట్టలేదు, పెట్టను. పెట్టాలనుకునేవాళ్లు ముందు రాయేశం తలుపు తట్టి రండి.